నీడ మండపంలో మూడు మూలాలు

కాకోలగిరి ఆకాశాన్ని పొడవబోతున్న నల్లటి కొమ్ములా నిటారుగా నిలబడి ఉంది. దాని మీద చెట్టు లేదు, చేమ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతున్నా ఆ రాళ్లు కాలికి చల్లగానే తగులుతున్నాయి. శిఖరం చుట్టూ వేలకొద్దీ కాకులు తిరుగుతున్నాయి. వాటిలో ఒక్కటీ అరవడం లేదు. ఆ నిశ్శబ్దమే యువరాజు తరంగదత్తుడికి అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించింది.

అతనూ, అతని వెంట వస్తున్న మందారికా ఒంటినిండా కాకి ఈకల అంగీలు తొడుక్కుని, ముఖాలకు మసి పూసుకుని ఉన్నారు. అవి మాంత్రికుడు కాకోలుడి శిష్యులు తొడిగే అంగీలు. ఆ ఉదయమే సెలయేటి ఒడ్డున నిద్రపోతున్న ఇద్దరు శిష్యుల్ని కట్టిపడేసి, వాళ్ల అంగీలు ఊడదీసుకుని వచ్చారు.

కింశుక దేశాన్ని ఏలే మణిమంత మహారాజు తరంగదత్తుడి తండ్రి. కాకోలుడు వైద్యుడి వేషంలో వచ్చి, నిండు సభలో అందరూ చూస్తుండగానే ఆయన్ని ఒక నల్లని ఘనశిలలో బంధించాడు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న రాయి అది. "ఈ శిల రోజురోజుకీ కుంచించుకుపోతుంది. ఆవగింజంత అయిననాడు మీ రాజు లోపలే నలిగిపోతాడు," అని చెప్పి, దాన్ని ఎత్తుకుని ఆకాశమార్గాన వెళ్లిపోయాడు. రాజును విడిపిస్తానని బయలుదేరిన ఆస్థాన గణకుడు పృథుయశుడు మళ్లీ తిరిగి రాలేదు. ఆయన కూతురే మందారిక. తండ్రి ఏమయ్యాడో తెలుసుకోకుండా ఇంట్లో కూర్చోలేనని, మగవేషం వేసుకుని యువరాజు వెంట కదిలింది.

కొండ నడుమ గుహద్వారం తెరుచుకుని ఉంది. ద్వారం ముందు జటిల అనే రాక్షసి చతికిలబడి కూర్చుంది. ఆమెకు కళ్లు లేవు. కళ్లు ఉండవలసిన చోట నున్నటి చర్మం మాత్రం ఉంది. ఆమె పక్కన చెప్పుల గుట్ట ఒకటి మనిషి ఎత్తున పేరుకుని ఉంది. అందులో సైనికుల తోలు చెప్పులు, మునుల పావుకోళ్లు, ఆడవాళ్లవి, చిన్నపిల్లలవి కూడా ఉన్నాయి.

"ఎవరర్రా అది?" అంది జటిల, ముక్కు ఎగబీలుస్తూ.

"స్వామివారి శిష్యులం," అన్నాడు తరంగదత్తుడు గొంతు బొంగురు చేసి.

జటిల మెడ సాచి ఇద్దర్నీ వాసన చూసింది. ఆమె ఊపిరి మందారిక చెంపకు తగిలింది. అది నుయ్యి అడుగునుంచి వచ్చే గాలిలా ఉంది.

"ఈకల వాసన మావాళ్లదే. చెమట వాసన కొత్తది," అంది జటిల. "శిష్యులైతే చెప్పండి. ఋణం ఒకటికి వర్గమూలం ఎక్కడుంది?"

తరంగదత్తుడి చెయ్యి మెల్లగా చేతికర్రలా పట్టుకున్న ఈటె మీద బిగుసుకుంది. మందారిక నోట "లేదు" అనే మాట దాదాపు వచ్చేసింది. చిన్నప్పటినుంచీ తండ్రి చెప్పింది అదే. ధనాన్ని ధనంతో గుణించినా ధనమే, ఋణాన్ని ఋణంతో గుణించినా ధనమే. కాబట్టి ఏ సంఖ్యనైనా దానితోనే గుణిస్తే ఋణం రాదు. కానీ ఆ రాక్షసి ఉందా అని అడగలేదు. ఎక్కడుందని అడిగింది.

"ముందుకు నడిచినా దొరకదు, వెనక్కి నడిచినా దొరకదు," అంది మందారిక.

జటిల నోరు తెరిచింది. లోపల పళ్లు రెండు వరసలున్నాయి. "అయితే?"

ముందూ కాక, వెనకా కాక మిగిలింది ఏముంది? మందారిక అంది. "పక్కకు తిరగాలి."

రాక్షసి భారంగా ఒళ్లు జరిపి దారి ఇచ్చింది. "పొండి. మళ్లీ ఇటు రాగలిగితే మీ చెప్పులు ఈ గుట్టలో పడవులే," అని గొణిగింది.

గుహలో గోడ పట్టుకుని నడిచారు. గోడ తడిగా, మెత్తగా చేతికి తగులుతోంది. తరంగదత్తుడు ఒకసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది ఊపిరి తీస్తోంది," అన్నాడు. మందారికకూ అలాగే తోచింది.

దారి చివర ఒక మహామండపం వచ్చింది. దాని పైకప్పు చీకట్లో కలిసిపోయింది. ఎదుటి గోడలో మూడు గడియలు బిగించిన లోహద్వారం. దాని మీద కంచుతో పోతపోసిన కాకి ముఖం. ద్వారం పైన మూడు దివిటీలు నీలిమంటలతో వెలుగుతున్నాయి. నేలంతా అద్దంలా మెరిసే నల్లరాతి పలకలు పరిచి ఉన్నాయి. పలకకూ పలకకూ మధ్య తెల్లరాతి గీతలు నిలువుగా, అడ్డంగా సాగి నేలను అంగకొకటి చొప్పున గళ్లు చేశాయి. మండపంలో ఒకచోట బొడ్డురాయి. దాని మీదుగా ద్వారం వైపు సాగే గీత ఒక్కటే బంగారు రంగులో ఉంది. బొడ్డురాయికి అటు దూరంగా కుడివైపొకటి, ఎడమవైపొకటి రెండు స్తంభాలు ఒకదానికొకటి ప్రతిబింబాల్లా నిలబడి ఉన్నాయి.

బంగారు గీత మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతని ఛాతీ దాకా ఒళ్లంతా రాయి.

"నాన్నగారూ," అంది మందారిక. ఆమె పరిగెత్తబోయింది.

"ఆగు. తెల్లగీతల మీదే నడు," అన్నాడు పృథుయశుడు. ఆ నాలుగు మాటలకే రాయి ఆయన ఛాతీ మీద వేలెడు పైకి పాకింది. ఆయన కళ్లతో దాన్ని చూపించాడు. మాట్లాడినకొద్దీ రాయి పెరుగుతుందని ఇద్దరికీ అర్థమైంది.

తరంగదత్తుడు ఆ ముసలాయన్ని అలా చూడలేకపోయాడు. "తలుపు బద్దలు కొడితే సరిపోతుంది," అంటూ ఈటె ఎత్తి నల్లపలక మీద కాలు పెట్టాడు. పలక బురదలా కిందికి దిగింది. లోపలినుంచి తెల్లటి వేళ్లు అతని మడమను చుట్టుకున్నాయి. మందారిక రెండు చేతులా అతని నడుము పట్టుకుని గీత మీదికి లాగింది. పలక మళ్లీ గట్టిపడి అద్దంలా మెరిసింది. దాని కింద పాలిపోయిన ముఖాలు చేపల్లా ఈదుతున్నాయి. తరంగదత్తుడి ఎడమ పాదం బూడిదరంగుకు తిరిగింది. వేళ్లు కదిలించబోతే కదల్లేదు.

అప్పుడు కంచు కాకి నోరు తెరిచింది.

"ఒక ఘనం ఉంది. దాని పరిమాణం, దాని భుజానికి ముప్ఫై రెట్లు, ఆపైన ముప్ఫై ఆరు. ఆ భుజం ఎక్కడ పుట్టిందో అక్కడ నిలబడి 'ఇదే' అనండి. మూడు పుట్టుకలకు మూడు గడియలు. తప్పు చెప్పినవాడు రాయి."

మందారిక మనసులో గబగబా లెక్క కట్టింది. భుజం అయిదైతే ఘనం నూట ఇరవై అయిదు. అయిదు ముప్ఫైలు నూటయాభై, ముప్ఫై ఆరు కలిపితే నూట ఎనభై ఆరు. కుదరలేదు. ఆరైతే ఘనం రెండువందల పదహారు. ఆరు ముప్ఫైలు నూట ఎనభై, ముప్ఫై ఆరు కలిపితే సరిగ్గా రెండువందల పదహారు.

"ఆరు," అంది.

పృథుయశుడు తల అడ్డంగా ఊపాడు. ఆయన నిలబడింది బొడ్డురాయినుంచి సరిగ్గా ఆరో గీత దగ్గర. "నేనూ ఆరే అన్నాను. పుట్టినచోటు ఇది కాదట," అన్నాడు. రాయి భుజాల దాకా వచ్చింది.

"మీరు మాట్లాడకండి నాన్నగారూ. నేను చెప్తాను, మీరు విని తల ఊపండి చాలు." మందారిక కళ్లు తుడుచుకుంది. "భుజాన్ని రెండు ముక్కలు చెయ్యాలి. మీరు నేర్పిన పద్ధతే. ముక్కల లబ్ధం ముప్ఫైలో మూడోవంతు, అంటే పది. రెండు ముక్కల ఘనాలు కలిపితే ముప్ఫై ఆరు. అంతేనా?"

ఆయన తల ఊపాడు.

"ముప్ఫై ఆరులో సగం పద్ధెనిమిది. దాని వర్గం మూడువందల ఇరవై నాలుగు. అందులోంచి పది ఘనం, అంటే వెయ్యి తీసెయ్యాలి." ఆమె ఆగింది. "ఋణం ఆరువందల డెబ్భై ఆరు వస్తుంది. ఇప్పుడు దీనికి వర్గమూలం కావాలి. ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాం."

"ఆ రాక్షసి అడిగింది ఇదే కదా," అన్నాడు తరంగదత్తుడు. "పక్కకు తిరగాలన్నావు నువ్వు."

మందారిక అతని వైపు చూసింది. ఇరవై ఆరు ఇరవై ఆర్లు ఆరువందల డెబ్భై ఆరు. ఋణం కాబట్టి ఆ ఇరవై ఆరు ముందుకూ కాదు, వెనక్కూ కాదు, పక్కకి. ఆమె వేలితో గీతలు లెక్కపెట్టుకుంటూ పోయింది. బొడ్డురాయినుంచి స్తంభం దాకా ముందుకు పద్ధెనిమిది గళ్లు. అక్కణ్నుంచి ఎడమకు ఇరవై ఆరు. రెండో స్తంభానికి కుడికి ఇరవై ఆరు.

"ఆ స్తంభాలే రెండు ఘనాలు," అంది. "మనం వాటి ఘనమూలాల్లో నిలబడాలి. ఒకటి ఎడమన, ఒకటి కుడిన. రెండూ కలిపితే పక్కకు పోయినవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. బంగారు గీత మీద మిగిలేదే భుజం. అందుకే నాన్నగారు ఒక్కరే వచ్చి ఏం చెయ్యలేకపోయారు."

పృథుయశుడి కళ్లలో వెలుగు వచ్చింది. ఆయన ఇక ఆగలేకపోయాడు. "ఆ ఘనమూలం సూత్రంతో వెతక్కమ్మా. వెతికితే మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురొస్తుంది. నేను ఇక్కడ నిలబడి అదే చేశాను, తిరిగి తిరిగి అక్కడికే." రాయి గొంతు చుట్టూ బిగిసింది. ఆయన తొందరపడ్డాడు. "ఇక్కడ గుణకారం అంటే తిరగడం. తిరుగుళ్లు కూడాలి. దూరాలు గుణించాలి. ఎడమకు ఒకసారి, మళ్లీ ఒకసారి తిరిగితే వెనక్కి..."

రాయి ఆయన పెదవుల మీదికి వచ్చి మూసేసింది. ముక్కూ, కళ్లూ మాత్రం మిగిలాయి. మందారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక ఏడుపు వినిపించకుండా తొక్కిపట్టి, బొడ్డురాయి దగ్గరికి నడిచింది. తరంగదత్తుడు కుంటుతూ వెంట వెళ్లాడు.

"ఎడమకు రెండుసార్లు తిరిగితే వెనక్కి చూస్తాం," అంది ఆమె, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "వెనక అంటే ఋణం. పక్కని పక్కతో గుణిస్తే ఋణం వచ్చేది అందుకే. మన ఇద్దరి చోట్లూ ప్రతిబింబాలు. మీరు ఎడమకు ఎంత తిరిగితే నేను కుడికి అంతే తిరుగుతాను. గుణిస్తే ఆ తిరుగుళ్లు కొట్టుకుపోయి, దూరాల లబ్ధం ఒక్కటే మిగులుతుంది. ముక్కల లబ్ధం పది. కాబట్టి బొడ్డురాయినుంచి మన దూరం వర్గం పది ఉండాలి."

"పది ఎలా వస్తుంది?"

"తొమ్మిదీ ఒకటీ. ముందుకు మూడు, పక్కకు ఒకటి."

"ముందుకు ఒకటి, పక్కకు మూడైనా పదేగా?"

మందారిక వేళ్ల మీద లెక్క వేసి చూసింది. "దాన్ని మూడుసార్లు గుణిస్తే వెనక్కి ఇరవై ఆరు పోతుంది. అక్కడ స్తంభం లేదు. నేను చెప్పిందైతే, మొదటిసారి గుణిస్తే ముందుకు ఎనిమిది, పక్కకు ఆరు. ఇంకోసారి గుణిస్తే ముందుకు ఇరవై నాలుగులోంచి ఆరు పోయి పద్ధెనిమిది. పక్కకు ఎనిమిదీ పద్ధెనిమిదీ కలిసి..."

"ఇరవై ఆరు," అన్నాడు తరంగదత్తుడు.

ఇద్దరూ గీతల మీద నడిచి, అతను ఎడమన, ఆమె కుడిన, మూడో గీతా ఒకటో గీతా కలిసేచోట నిలబడ్డారు. మధ్యలో రెండు గళ్ల దూరం. పలకల కింద ముఖాలు వచ్చి వాళ్ల చుట్టూ మూగాయి. తప్పైతే ఏమవుతుందో చూడ్డానికే వచ్చినట్టున్నాయి.

"ఇదే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మొదటి గడియ కొండంతా దద్దరిల్లేలా ఊడిపడింది. దాంతోపాటు ఒక దివిటీ ఆరిపోయింది. మండపం మూలలు చీకట్లోకి జారిపోయాయి. ఆ చీకట్లో ఏదో నేలమీద ఒళ్లు ఈడ్చుకుంటూ కదిలిన చప్పుడు వినబడింది.

"ఇంకా రెండున్నాయి," అంది కంచు కాకి.

"ఆరు కాకుండా ఇంకో భుజం ఎక్కడిది?" అన్నాడు తరంగదత్తుడు. "త్వరగా చెప్పు, మందారికా. ఆ మూల ఏదో ఉంది."

"చూడకండి. ఆలోచించనివ్వండి." ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. "మూడుసార్లు తిరిగితే స్తంభం వైపు చూడాలి. అంతేగా కావలసింది. మనం మొదట్లోనే ఒక చుట్టులో మూడోవంతు ఎక్కువ తిరిగి నిలబడితే, మూడుసార్లకు ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరుగుతాం. పూర్తి చుట్టు తిరిగితే మళ్లీ అదే వైపు. స్తంభం మారదు. దూరం మార్చకుండా మూడోవంతు చుట్టు తిరగాలి, అంతే. తర్వాత ఇంకో మూడోవంతు. ప్రతి ఘనానికీ మూడు మూలాలున్నాయి, యువరాజా."

తరంగదత్తుడు తలపాగా విప్పి ఇచ్చాడు. ఆమె దాని ఒక కొస బొడ్డురాయికి కట్టి, నిలబడిన చోటిదాకా కొలిచి ముడి వేసింది. అంతే దూరంతో వలయం మీద కొలుచుకుంటూ పోతే ఆరు కొలతల్లో చుట్టు పూర్తవుతుంది. కాబట్టి రెండు కొలతలు ఒక మూడోవంతు. తరంగదత్తుడు గీత మీద బోర్లా పడుకుని, చెయ్యి సాచి, ఈటె కొసతో పలకల మీద గుర్తులు గీశాడు. కిందినుంచి ముఖాలు ఈటె కొసను నాకుతున్నట్టు వెంబడించాయి. అతను కళ్లు తిప్పుకోకుండా పని పూర్తి చేశాడు.

రెండో చోటు బొడ్డురాయికి వెనకవైపు, ఋణం దిక్కున వచ్చింది. అది గీతలు కలిసే చోటు కాదు. పలక నడిబొడ్డు.

"భుజం ఋణమైతే ఆ ఘనాన్ని ఏ శిల్పి చెక్కుతాడు?" అన్నాడు తరంగదత్తుడు.

"ఎవరూ చెక్కరు. కాకోలుడు మాత్రం మహారాజును అలాంటి దాంట్లోనే పెట్టి ఉంటాడు. అందుకే అది కుంచించుకుపోతోంది," అంది మందారిక. "కాలు పెట్టాలి. ఇద్దరం ఒకేసారి."

ఇద్దరూ నల్లపలకల మీదికి అడుగు వేశారు. పలక చీలమండల దాకా మింగింది. కిందినుంచి చల్లటి వేళ్లు పిక్కలను తడుముతూ పైకి పాకాయి. మందారిక గుర్తు మీద మడమ సరిగ్గా ఆనించుకుని, ఎదుటి పలక మీద నిలబడిన అతని కళ్లలోకి చూసింది.

"ఇదే," అన్నారు ఇద్దరూ.

వేళ్లు విడిపోయాయి. కాళ్ల కింద పలక గట్టిపడి పైకి తేలింది. రెండో గడియ ఊడిపడింది. రెండో దివిటీ ఆరింది. మిగిలిన ఒక్క నీలిమంటలో మనిషి మనిషికి సరిగ్గా కనబడడం లేదు. మూలనున్న చప్పుడు దగ్గరయింది. తడి రాతి మీద గోళ్లు గీసుకుంటున్న చప్పుడు అది.

మూడో చోటుకు పోవాలంటే ఎడమవాళ్లు కుడికి, కుడివాళ్లు ఎడమకు దాటాలి. ఇద్దరూ బొడ్డురాయి వెనక, బంగారు గీత మీద ఎదురెదురయ్యారు. అంత దగ్గరగా వచ్చాక మందారికకు కనిపించింది. అతని కాలు మోకాలి దాకా బూడిదరంగు రాయిగా మారిపోయింది.

"నడవగలరా?"

"నడుస్తున్నానుగా," అన్నాడు అతను. "నువ్వు నీ చోటు చూసుకో. నేను పిలిచినా వెనక్కి రాకు."

ఆమె తన గుర్తు మీదికి వెళ్లి నిలబడింది. పలక ఈసారి మోకాళ్ల దాకా మింగింది. అవతల ఈటె ఊతగా పెట్టుకుని రాతి కాలు ఈడుస్తున్న చప్పుడు, దాని వెనకే గోళ్ల చప్పుడు. తర్వాత రెండూ ఆగిపోయాయి.

"యువరాజా, ఇదే," అంది మందారిక.

"ఇదే," అంది మళ్లీ. కిందినుంచి ఒక చెయ్యి ఆమె నడుమును చుట్టుకుని లాగింది. మంట వణికింది. అవతల అతని గొంతు మీద ఏదో నల్లటి చెయ్యి వేసి ఉన్నట్టు ఒక్క క్షణం కనబడింది. అతను ఈటెను వెనక్కి గుచ్చాడు. మనిషిది కాని అరుపు మండపమంతా పాకింది.

"ఇదే," అన్నాడు తరంగదత్తుడు, ఊపిరి అందక.

మూడో గడియ పడింది. మూడో దివిటీ ఆరింది. చీకటి కమ్మేలోపే లోహద్వారం రెండుగా విడిపోయి, అవతలినుంచి పగటి వెలుగు ధారలా లోపలికి వచ్చింది. ఆ వెలుగు తగలగానే మూలనుంచి వచ్చిన ఆకారం పొగలా చెదిరిపోయింది. పృథుయశుడి ఒంటి మీది రాయి పెళుసు సున్నంలా పగిలి రాలింది. తరంగదత్తుడి కాలి నుంచి కూడా బూడిదరంగు దిగిపోయి, రక్తం పరిగెత్తే నొప్పి మొదలైంది. ఆ నొప్పికి అతను నవ్వాడు.

పృథుయశుడు గీత మీద కూలబడ్డాడు. "నా కాళ్లు పనిచెయ్యవు నాయనా. మీరు పొండి. రాజుగారి శిల తీసుకుని పొండి," అన్నాడు.

"మీరు లేకుండా మీ అమ్మాయి కదలదు. ఆమె లేకుండా నాకు దారి తెలియదు. మెడ పట్టుకోండి," అని తరంగదత్తుడు ఆయన్ని వీపు మీదికి ఎత్తుకున్నాడు.

వెనక నల్లపలకలు ఒక్కొక్కటే పెట్లిపోతున్నాయి. పగిలిన ప్రతి పలకలోంచీ తెల్లటి చేతులు లేస్తున్నాయి. ఇద్దరూ ఆయనతో సహా బంగారు గీత మీద పరిగెత్తి ద్వారం దాటారు. లోపల చిన్న గది. గది మధ్య రాతిదిమ్మె మీద, తమలపాకుల పెట్టెకన్నా చిన్నదిగా, నల్లని ఘనశిల ఉంది. మందారిక దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది గోరువెచ్చగా ఉంది. లోపల ఏదో మెల్లగా, సన్నగా కొట్టుకుంటోంది.

"బతికే ఉన్నారు," అంది.

గదికి అటువైపు గోడ లేదు. కొండచరియ మీదికి తెరుచుకుని ఉంది. కింద ఎక్కడో లోతున నల్లటి సరస్సు మెరుస్తోంది. చరియ అంచుకు చేరేసరికి ఎండ మాయమైంది. తల ఎత్తి చూస్తే, శిఖరం చుట్టూ తిరుగుతున్న వేల కాకులు ఒక్కచోటికి చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ, కొండను కప్పేంత రెక్కలున్న ఒకే పక్షిగా మారుతున్నాయి. దాని ముఖం మాత్రం మనిషి ముఖం, కాకోలుడిది. కాకోలుడు వాళ్లను చూశాడు. అతని ముఖంలో కోపం లేదు. చాలాకాలంగా ఎదురుచూస్తున్న పని జరిగినట్టు తృప్తిగా ఉంది.

"ఎవరో ఒకరు ఆ తలుపు తెరవాలని కోరుకున్నవాడిలా ఉన్నాడు," అన్నాడు పృథుయశుడు వీపు మీదనుంచి.

పక్షి రెక్కలు ముడిచి కిందికి దూకింది.

"ఊపిరి బిగబట్టండి," అన్నాడు తరంగదత్తుడు. ముగ్గురూ చరియ మీదనుంచి దూకారు.

నీళ్లు రాయిలా తగిలాయి. తరంగదత్తుడు పైకి తేలి, పృథుయశుణ్ని ఈడ్చుకెళ్లి చరియ కింద నీళ్లలోకి వంగిన రాతికొమ్ముకు ఆనించాడు. వెనక్కి తిరిగి చూస్తే మందారిక కనబడలేదు. నీళ్ల మీద ఆమె అంగీ ఈకలు నాలుగు తేలుతున్నాయి. ఈటె వదలకుండానే అతను మునిగాడు.

ఆకుపచ్చటి మసక వెలుగులో ఆమె నిలువునా కిందికి పోతూ కనబడింది. ఆమె చేతుల్లోని శిల పెరుగుతోంది. మూడు గడియలు ఊడినప్పుడే దాని కట్టు విడిపోయినట్టుంది. పెట్టెంతైంది, పీటంతైంది, చూస్తుండగానే ఆమె ఒళ్లంతా కప్పేంతైంది. దాని బరువు ఆమెను అడుగుకు లాగేస్తోంది. తరంగదత్తుడు ఈదుకుంటూ వెళ్లి ఆమె జబ్బ పట్టుకున్నాడు. వదిలెయ్యమని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె వేళ్లు శిల అంచుల మీద బిగుసుకుని ఉన్నాయి. నోట్లోంచి బుడగలు ఒక్కొక్కటే తప్పించుకుంటున్నాయి.

అతను శిలను కిందినుంచి భుజంతో ఎత్తబోయాడు. అప్పుడు శిల ఒక ముఖం నలుపు కరిగి గాజులా తేటపడింది. లోపల మణిమంత మహారాజు నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి, ఒళ్లు చిక్కి, కళ్లు తెరిచి ఉన్నాడు. రెండు అరచేతులూ ఆ గాజుకు ఆనించి ఏదో అరుస్తున్నాడు. మాట వినబడడం లేదు.

తండ్రి తనను గుర్తుపట్టాడని తరంగదత్తుడు అనుకున్నాడు. కానీ రాజు చూస్తున్నది కొడుకు ముఖం వైపు కాదు. అతని భుజం మీదుగా, వెనక నీళ్లలోకి. ఆ చూపులో ఉన్న భయాన్ని తరంగదత్తుడు తండ్రి కళ్లలో ఎన్నడూ చూడలేదు.

వెనకనుంచి నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి, కొండంత రెక్కల నీడ వాటి మీదికి కమ్ముకొచ్చింది. మందారిక జబ్బ వదలకుండానే అతను ఈటె పిడికిట బిగించి వెనక్కి తిరిగాడు.